హెలికాప్టర్ ఫోటోకు పోయి అంతోణిని పిలిచి వచ్చిన రోజు

ఎక్కువ రాయడం నాకు చేతకాదు. ఊరి బడిలో ఏడో తరగతి వరకు చదివాను. ఆ తర్వాత కోలారు బంగారు గనిలో దిగాను. గని మూతపడ్డాక క్యాసంబళ్ళి దగ్గర మా ఆవిడ తరపు పొలం చూసుకుంటున్నాను. రోగులను మోసే హెలికాప్టర్లనూ, ఆపదలో మనుషులను తీసుకుపోయే హెలికాప్టర్లనూ ఫోటో తీయడం నాకు సరదా. ఇట్లాంటి సరదా ఉన్నవాళ్ళు ఇంకా కొందరున్నారని ఫోన్‌లో ఈ ఫోటోల పేజీ మొదలుపెట్టాకే తెలిసింది. వాళ్ళలో ఎవరైనా మా వైపు వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఈ పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. ఒక వానాకాలం మా దగ్గరి చెరువు నిండి మరవ పారి, గొర్రెలు మేపే మనిషి ఒకడు నీళ్ళ నడుమ బండ మీద చిక్కుకుపోయాడు. హెలికాప్టర్ వచ్చి తాడు దించింది. ఒక్క మనిషిని ఎత్తుకుని పోయింది. గట్టు మీద నిలబడిన వాళ్ళు దానికి ఎంత ఆయిల్ ఖర్చవుతుందో మాట్లాడుకున్నారు. నాకు మాత్రం గని గుర్తొచ్చింది. కింద ఎవరికైనా దెబ్బ తగిలితే రాయి మోసే పని అంతా ఆపేసేవాళ్ళు. మనుషులను దించే ఇనుప పెట్టెను మేము కేజ్ అంటాం. ఆ కేజ్ ఆ ఒక్కడి కోసం ఖాళీగా దిగేది. ఒక్క మనిషి కోసం ఇంత పెద్ద యంత్రం కదలడం నాకు అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చింది. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక పాత కెమెరా కొన్నాను. బెంగళూరు వైపు నుంచి వేలూరు వైపుకు రోగులను తీసుకుపోయే హెలికాప్టర్లు అప్పుడప్పుడు మా పొలం మీదుగా పోతాయి. చప్పుడు వినబడగానే పార పక్కన పెట్టి కెమెరా తీస్తాను. మొదట్లో నా ఫోటోల్లో రెక్కలు ఆగిపోయినట్టు పడేవి. మా ఆవిడ సుబ్బమ్మ చూసి, "అయ్యో, ఇది కింద పడిపోతా ఉండాదా ఏమి?" అని అడిగింది. షట్టర్ వేగం తగ్గిస్తే రెక్కలు తిరుగుతున్నట్టు పడతాయని ఆ తర్వాత నేర్చుకున్నాను.

దగ్గరి నుంచి తీసే అవకాశం ఎప్పుడూ రాలేదు. రాబర్ట్‌సన్‌పేట బయట మైదానంలో వైద్య హెలికాప్టర్ దిగుతుందని, రోగిని ఎక్కించడం సిబ్బందికి అలవాటు చేయిస్తారని, జనం తాడు ఇవతల నిలబడి చూడొచ్చని తెలిసినప్పుడు ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మరుసటి రోజే ఒక ఫోన్ వచ్చింది. కోరమండల్‌లో గని వాళ్ళ ఇళ్ళలో ఉండే నా స్నేహితుడు అంతోణి భార్య మేరమ్మ చేసింది.

"అన్నా, ఈయన గుండెలో వాల్వు చెడిపోయిందని చెప్పినారు కదా. బెంగళూరుకు పోయి ఆపరేషన్ చేయించుకోవల్ల. పోనంటాడు. డాక్టరు ఇంగ లేటు చేయొద్దంటా ఉండాడు. నువ్వు చెప్తే వింటాడేమో."

నేను ఎవరికీ ఏదీ చెప్పి ఒప్పించిన మనిషిని కాను. అయినా వస్తానన్నాను. ఫోటోకు పోవడం, అంతోణిని అడగడం, రెండూ ఒకే రోజు పెట్టుకున్నాను.

క్యాసంబళ్ళిలో పొద్దున ఏడున్నర బస్సు ఎక్కితే ముక్కాలు గంటలో రాబర్ట్‌సన్‌పేట చేరొచ్చు. టికెట్ ముప్పై రూపాయల లోపే. సంత రోజు అయితే కోళ్ళ బుట్టల నడుమ నిలబడాలి, కెమెరా సంచి ముందుకు వేసుకోండి. బస్టాండు నుంచి కోరమండల్‌కు షేర్ ఆటోలు తిరుగుతాయి. నేను ఎక్కిన ఆటో నడిపే అబ్బి నా సంచి వైపు చూశాడు.

"ఏం తాతా, పెండ్లికి ఫోటోలు తీస్తావా?"

"లేదప్పా. హెలికాప్టర్."

"హెలికాప్టరా? దానికి లగ్నం యాడ పెట్టినారు?"

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు మాత్రం దిగాక తట్టింది. నాకు ఎప్పుడూ అంతే.

కోరమండల్‌లో గని వాళ్ళు కట్టిన వరస ఇళ్ళు ఇంకా అట్లాగే ఉన్నాయి. రేకు కప్పులు, గోడకు గోడ ఆనించి. అంతోణి బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు, కాళ్ళు వాచి ఉన్నాయి. మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు. వాళ్ళది తమిళ కుటుంబం, మాది తెలుగు కుటుంబం, గనిలో దిగాక ఆ తేడా లేదు. వాడు కేజ్‌లో గంట కొట్టేవాడు. మా షాఫ్టులో, అంటే కేజ్ దిగే బావిలో, మూడు దెబ్బలు కొడితే, మనుషులున్నారు, పైకి లాగు అని అర్థం. ఆ మూడు దెబ్బలు వినబడ్డాకే మాకు ఇల్లు గుర్తొచ్చేది. నేను నోరు తెరవని మనిషిని, వాడు నోరు మూయలేని మనిషి. అందుకే స్నేహం కుదిరింది.

"రేయ్ చెంగా, నన్ను ఒప్పించను వచ్చినావా, ఫోటోకు వచ్చినావా?"

"రెండిటికీ," అన్నాను.

"అయితే ఫోటో చూస్తాం పద. రెండోది వద్దు."

మేరమ్మ లోపలి నుంచి కాఫీ తెచ్చింది. "అడుగన్నా, ఎందుకు పోడో అడుగు. నాకు చెప్పడు," అంది.

అంతోణి కాఫీ చల్లార్చుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు. "చూడప్పా, గనిలో దిగినప్పుడంతా కళ్ళు తెరుచుకుని దిగినా. గంట నా చేతిలో ఉండె. ఇది అట్ల కాదంట. మందు ఇచ్చి కళ్ళు మూయించి దించుతారంట. కింద నా చేతిలో ఏమీ లేదు. పైకి ఎవరు లాగుతారు?"

మేరమ్మ నా ముఖం చూసింది. నేను కాఫీ గ్లాసు చూశాను.

మైదానానికి ఆటో మాట్లాడుకున్నాం, నూరు రూపాయలు అడిగి ఎనభైకి వచ్చాడు. ప్రభుత్వ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి, "బస్సు అయితే నాకు ఊరికే వచ్చేది. మీ ఇద్దరు మగరాయుళ్ళ వల్ల దుడ్లు దండగ," అని మేరమ్మ దారి పొడుగునా సాధించింది. ఆమె నవ్వుతూనే ఉంది కానీ అంతోణి ఆయాసపడినప్పుడల్లా చెయ్యి అతని వీపు మీదికి పోయేది.

మైదానానికి ఒక పక్క తెల్లటి సైనైడ్ దిబ్బ ఉంది. బంగారం తీశాక మిగిలిన రాతి పొడి గుట్టగా పోసింది అది. ఫోటోకు వచ్చేవాళ్ళు ఇది గమనించాలి. గాలి దిబ్బ వైపు నుంచి వీస్తుంటే ఆ పొడి కళ్ళలోనూ లెన్సులోనూ పడుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడాలి, కెమెరా మీద గుడ్డ కప్పుకోవాలి. దుమ్ము లేవకుండా అగ్నిమాపక బండి ముందే నేల తడిపింది. నడుమ సున్నంతో పెద్ద గుండ్రం గీసి ఉంది. తాడు పక్కన నిలబడిన పోలీసును ఫోటోలు తీయొచ్చా అని అడిగాను, తీసుకో అన్నాడు. అడగకుండా తీయకండి.

తాడు వెంబడి నాలాంటి ముసలివాళ్ళే ఎక్కువ. గని మూతపడ్డాక ఈ ఊళ్ళో పెద్ద యంత్రం కదలడం చూసి చాలా కాలమైంది, అందరూ వచ్చారు. పాపమ్మ కూడా స్టవ్వు తెచ్చుకుని అక్కడే వడలు వేస్తోంది. ఆమె మొగుడు మా షాఫ్టులోనే పోయాడు. అప్పటి నుంచి వడలు అమ్ముకుంటోంది. వడ పది రూపాయలు, కరకరలాడుతుంది, తప్పకుండా తినండి.

"ఏమప్పా అంతోణీ, ఇంగా ఉండావా నువ్వు?" అంది ఆమె.

"నీ వడలు తిని కూడా ఉండా చూడు."

"అయితే ఆ హెలికాప్టర్ నీకే వస్తా ఉండాది. ఎక్కి పో."

పదిన్నర దాటాక చప్పుడు వినబడింది. మొదట కడుపులో వినబడుతుంది, ఆ తర్వాత చెవిలో. దిబ్బ మీదుగా తిరిగి, ఎండ ఒక పక్క మీద మెరుస్తూ వచ్చింది. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి గీత. దిగే ముందు ముక్కు కొంచెం పైకెత్తి, నిలబడ్డట్టు ఆగుతుంది. ఫోటోకు అదే సమయం. నేను వరసగా తీశాను. తడిపిన నేల అయినా అంచుల్లో పొడి లేచింది, సున్నం గుండ్రం సగం ఎగిరిపోయింది, పాపమ్మ వడల మీద పళ్ళెం బోర్లించి తిడుతోంది. రెక్కలు మెల్లగా ఆగాయి. ఇంత దగ్గర ఎప్పుడూ చూడలేదు. తలుపు మీద గీతలు, అద్దం మీద పురుగుల మరకలు కూడా కనబడ్డాయి. చాలా సంతోషం వేసింది.

అప్పుడు తెల్ల కోటు వేసుకున్న డాక్టరమ్మ తాడు దగ్గరికి వచ్చింది. రోగి వేషం వేయాల్సిన హోంగార్డును ఇంకో పనికి పంపేశారంట. ఎవరైనా బరువు తక్కువ మనిషి వచ్చి పడుకుంటారా అని కన్నడంలో అడిగింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను. అంతోణి తాడెత్తి దూరాడు.

"ఏయ్, యాడికి?" అంది మేరమ్మ.

"పడుకునేదే కదమ్మా పని. అది నాకు వచ్చు."

డాక్టరమ్మ అతని వేలికి చిన్న క్లిప్పు పెట్టి చూసింది. ముఖం మారింది. గొట్టం పెట్టి గుండె వినింది. "ఈయనకు ఏం చికిత్స చేయిస్తున్నారు?" అని అడిగింది. మేరమ్మ తాడు మీదుగానే చెప్పేసింది, వాల్వు సంగతి, పోనంటున్న సంగతి. డాక్టరమ్మ క్లిప్పు తీసేసి, ఎగిరేది లేదు, ఎక్కించి దించుతాం అంతే, పడుకోవడానికి భయం లేదు అంది. స్పృహ లేనట్టు కళ్ళు మూసుకోమని అతనికి చెప్పింది.

ఇక్కడ మా షాఫ్టు అలవాటు ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. కేజ్‌లో స్ట్రెచర్ పైకి వచ్చినప్పుడు, దాని మీద మనిషికి ప్రాణం ఉంటే గట్టు మీద ఉన్నవాడు పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. కింద నుంచి వచ్చినవాడు ఎట్లాగో ఒకట్లా పలకాలి, మూలిగినా సరే. అప్పుడే వాడు పైకి వచ్చినట్టు. ప్రాణం లేకపోతే ఎవరూ పిలవరు. తలగుడ్డలు తీస్తారు, ముఖం పక్కకు తిప్పుకుంటారు. అందుకే స్ట్రెచర్ మీద మనిషిని నేను ఎప్పుడూ ఫోటో తీయలేదు. స్ట్రెచర్ కనబడితే కెమెరా దానంతటదే దిగిపోతుంది.

నలుగురు స్ట్రెచర్ ఎత్తారు. అంతోణి ఛాతీ వరకు దుప్పటి. కళ్ళు మూసుకున్నాడు, వాచిన పాదాలు బయటికి ఉన్నాయి. వేషం అని అందరికీ తెలుసు. ఒక్క నిమిషం ముందు వాడు పరాచికాలాడడం అందరూ విన్నారు. అయినా తాడు వెంబడి ఒక తలగుడ్డ దిగింది. పక్కవాడిదీ దిగింది. ఆ తర్వాత అందరివీ. ఒకరి వెంట ఒకరు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. పాపమ్మ జల్లిగరిటె కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అంతోణప్పా," అని సన్నగా ఏడుపు ఎత్తుకుంది. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళకు ఏం జరుగుతోందో తెలియలేదు. స్ట్రెచర్ మోసేవాళ్ళు ఆగి మమ్మల్ని చూశారు.

నా కెమెరా దిగిపోయింది. నేనూ ముఖం తిప్పుకున్నాను. తిప్పుకుంటే మేరమ్మ కనబడింది. ఆమె ఏడవడం లేదు. ముఖం తిప్పుకున్న మనుషులను ఒక్కొక్కరినీ చూస్తోంది. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చూపు నేను మరిచిపోలేను. బతికి ఉన్న మొగుణ్ణి మేమంతా కలిసి పంపించేస్తున్నాం.

ఎవరూ పిలవడం లేదు. పిలిచే పని నాది ఎప్పుడూ కాదు. గనిలో ఉన్నన్నాళ్ళూ హాజరు చెప్పడానికి కూడా నేను గొంతు ఎత్తింది లేదు. కెమెరాకు మెడ పట్టీ లేదు, పట్టుకునే తిరుగుతాను. దాన్ని మేరమ్మ చేతిలో పెట్టేశాను. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాను.

"అంతోణీ!"

ఆ గొంతు నాదేనని నాకు నమ్మకం కలగలేదు. దిబ్బకు తగిలి వెనక్కి వచ్చింది.

స్ట్రెచర్ మీద మనిషి కళ్ళు తెరవలేదు. డాక్టరమ్మ మూసుకోమంది కదా. నోరు మాత్రం తెరిచాడు.

"ఆఁ! ఉండా! పైకి వచ్చినా!"

తాడు వెంబడి ఒక్కసారిగా నవ్వులు. తలగుడ్డలు మళ్ళీ తలల మీదికి ఎక్కాయి. ఎవరో "అంతోణీ" అని మళ్ళీ పిలిచారు, ఇంకెవరో పిలిచారు, వాడు ప్రతి ఒక్కరికీ పలికాడు. పాపమ్మ కళ్ళు తుడుచుకుని, "పాపిష్టోడు, నా నూనె మాడిపోయా నీ వల్ల," అంది. డాక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. స్పృహ లేని రోగి ఎక్కడైనా పలుకుతాడా అని అడిగింది.

"మా పక్క పిలిస్తే పలకల్ల డాక్టరమ్మా. లేకుంటే లెక్కలో నుంచి తీసేస్తారు," అన్నాడు వాడు, కళ్ళు మూసుకునే.

హెలికాప్టర్ లోపల వాణ్ణి పెట్టాక నన్ను కేకేశాడు. "రేయ్ చెంగా, తీయరా! జీవితంలో ఒక్కసారి ఎక్కినా, దిగిపోతాను మళ్ళా!" డాక్టరమ్మ రమ్మని సైగ చేసింది. మేరమ్మ దగ్గర కెమెరా తీసుకుని, తలుపు దగ్గర నిలబడి తీశాను. స్ట్రెచర్ మీద మనిషితో నేను తీసిన మొదటి ఫోటో అది. పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్నాడు. ఉన్నవి తక్కువే. ఆ ఫోటో ఈ పేజీలో కింద పెట్టాను, అతణ్ణి అడిగే పెట్టాను.

దించాక వెంటనే రాలేదు. డాక్టరమ్మతో ఏదో మాట్లాడుతూ కూర్చున్నాడు. మేము ఇవతల నుంచి చూస్తున్నాం. మధ్యాహ్నం ఆటోలో వెనక్కి వచ్చేటప్పుడు చాలా సేపు ఊరుకున్నాడు. అంతోణి ఊరుకుంటే మాకు భయం. కోరమండల్ రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు నోరు విప్పాడు.

"ఆయమ్మను అడిగినా. మందు ఇచ్చి దించినాక పైకి ఎట్ల లాగుతారని. పేరు పెట్టి పిలుస్తారంట. ఆపరేషన్ అయినాక చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తారంట చెంగా. పలికేదాకా పిలుస్తానే ఉంటారంట."

"మరి ఇంగేం?" అంది మేరమ్మ.

"వాళ్ళు పిలిస్తే నాకు తెలుస్తాదా? కొత్త గొంతు. ఇంగ్లీషులో పిలుస్తారో ఏమో." నా వైపు తిరిగాడు. "నువ్వు వస్తావా?"

వస్తానన్నాను.

"ఇందాకటి మాదిరి పిలవల్ల. మామూలుగా నువ్వు మాట్లాడినట్ల కాదు. నువ్వు మాట్లాడేది పక్కన కూర్చున్నా వినపడదు."

మేరమ్మ ఆటో బయటికి ముఖం తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి, "ఇన్ని నెలలు నేను ఏడ్చి చెప్తే వినలేదు. ఈ మూగాయన ఒక కేక పెడితే విన్నాడు," అంది. ఇల్లు చేరాక మా ఇద్దరికీ సంగటి, చేపల పులుసు పెట్టింది. సాయంత్రం ఐదు గంటల బస్సుకు క్యాసంబళ్ళి వచ్చేశాను.

ఆ తర్వాత సంగతి కూడా రాయాలి. బెంగళూరుకు హెలికాప్టర్‌లో కాదు, కోరమండల్ స్టేషన్లో పొద్దున రైలెక్కి పోయాం. ఆపరేషన్ జరిగిన మరుసటి రోజు నర్సమ్మ నాకు టోపీ, పచ్చ గౌను తొడిగి లోపలికి తీసుకుపోయింది. నిశ్శబ్దంగా ఉండాలని గోడ మీద రాసి ఉంది. నర్సమ్మ వైపు చూశాను, ఫరవాలేదు అంది. పిలిచాను. గట్టిగానే పిలిచాను. వాడి నోట్లో గొట్టం ఉంది, పలకలేడు. కళ్ళు కూడా పూర్తిగా తెరవలేదు. కుడిచేతి వేలు మాత్రం కదిలింది. మంచం కడ్డీ మీద మూడు దెబ్బలు కొట్టాడు. అది ఏమిటని నర్సమ్మ అడిగింది. నేను ఆ వేలు పట్టుకున్నాను.

ఇప్పుడు కూడా హెలికాప్టర్ చప్పుడు వినబడితే పార పక్కన పెడతాను. కానీ ఇదివరకు యంత్రాన్ని చూసేవాణ్ణి. ఇప్పుడు అది పోయే వైపు చూస్తాను. అటు వైపు ఎవరో ఒకరు, లోపల ఉన్నవాడి పేరు తెలిసినవాళ్ళు, నిలబడి ఉండాలని అనుకుంటాను. ఆ రోజు తీసిన వాటిలో ఒక ఫోటో మాత్రం నేను తీసింది కాదు. కెమెరా చేతిలో పెట్టాక మేరమ్మ వేలు ఏదో నొక్కింది. అందులో హెలికాప్టర్ తోక ఒక మూల ఉంది, మిగతా అంతా ఒక ముసలివాడు రెండు చేతులూ నోటికి పెట్టుకుని అరుస్తున్నాడు. మసకగా పడింది. దాన్ని తీసేయొద్దని సుబ్బమ్మ గట్టిగా చెప్పింది.

వచ్చేవాళ్ళకు ఒక్క సూచన. కెమెరాకు మెడ పట్టీ తప్పకుండా వేసుకోండి. హెలికాప్టర్ గాలికి అనుకునేరు. ఎవరినైనా పిలవాల్సి వస్తే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.